వైరుతో పెట్టిన ఇటుక

తలుపుకి ఇటుక అడ్డం పెట్టేవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళు మంట. ఫైర్ అలారాల పనిలో ఇరవై ఏళ్ళు నిచ్చెనలెక్కినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, మంట కంటే ముందు మనిషిని చంపేది పొగ. ఆ పొగని ఆపగలిగేది మూసిన తలుపు. అలాంటి తలుపుకి ఇటుకో, రాయో, పాత చెప్పో అడ్డం పెట్టి, గాలి రావట్లేదండీ అని నవ్వేవాళ్ళని ఆస్పత్రుల్లో చూశాను, హాస్టళ్ళలో చూశాను, కల్యాణమండపాల్లోనూ చూశాను. కనపడ్డ ప్రతి ఇటుకనీ బయట పారేసి, నాలుగు చీవాట్లు పెట్టి మరీ వచ్చేవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయేది నేను పెట్టిన ఇటుక సంగతి.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్ళు, ఇంత అనుభవం ఉంచుకుని ఎందుకు మానేశారని నన్ను అడుగుతుంటారు. మోకాళ్ళు అరిగాయని చెబుతుంటాను. అరిగిన మాట నిజమే, నేను నిచ్చెన దిగింది మాత్రం వాటివల్ల కాదు. నేను ఆ ఇటుక పెట్టిన ఇంటి టీచరుగారు కిందటేడాది కాలం చేశారు. ఇక ఆవిడ చెవిన పడుతుందన్న భయం లేదు కనక మీకోసం రాస్తున్నాను.

నాది జగ్గయ్యపేట. షాపు బోర్డు మీద ఫైర్ అలారం, సీసీ కెమెరా, ఇన్వర్టర్ అని మూడూ రాయించాను కానీ, మొదటిదాన్ని నమ్ముకుంటే పస్తులే. ఆస్పత్రులవాళ్ళూ కాలేజీలవాళ్ళూ ఫైర్ శాఖ ఇచ్చే కాగితం కోసం పెట్టించుకునేవారు. ఇళ్ళల్లో ఎవరు పెట్టించుకుంటారు మా మెట్టలో? శుభమా అని ఇల్లు కట్టుకుంటుంటే నిప్పు మాటెత్తుతావేంటని గృహప్రవేశానికి పిలిచిన చుట్టమే ఒకాయన నన్ను గదమాయించాడు. అందుకే నందిగామ నుంచి ఒక పెద్దమనిషి ఫోన్ చేసి, ఇంట్లో అలారం పెట్టాలి, తలుపులకి అయస్కాంతాలు కూడా బిగించాలి అన్నప్పుడు ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాను.

ఆయన ఎన్నో ఊళ్ళ ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ఆఫీసరుగా చేసి రిటైరైనవారు. ముప్ఫై ఏళ్ళు వేలమందికి హెల్మెట్లు పెట్టించి, ఆఖరికి సొంత ఇంట్లో బాత్రూంలో జారిపడ్డారు. నడుం కింద చచ్చుబడింది. ఆ మాట ఆయనే నవ్వుతూ చెప్పారు, తడినేల అన్న బోర్డు పెట్టడం మర్చిపోయానయ్యా అని. ఆయన భార్య దగ్గరి పల్లెలో టీచరు, ఇంకా సర్వీసులో ఉన్నారు. ఇంట్లో ఇద్దరే. పగలు ఆయన్ని చూసుకునే మనిషి, టీచరుగారు బడి నుంచి రాగానే వెళ్ళిపోయేది.

ఆయన భయం ఏమిటో మొదటి రోజే అర్థమైంది. నిప్పు పుడితే లేచి పరుగెత్తలేరు. మంచం మీద నుంచి కదలకుండా బతకాలంటే, సాయం వచ్చేదాకా పొగ ఆ గదిలోకి రాకూడదు. దానికి దారి ఆయనే చెప్పారు. గదికి మందపాటి తలుపు, దాన్ని లాగి మూసే స్ప్రింగు, తలుపుని గోడకి పట్టి ఉంచే అయస్కాంతం. మామూలప్పుడు తలుపు తెరిచే ఉంటుంది. అలారం మోగిన క్షణంలో అయస్కాంతానికి కరెంటు ఆగిపోతుంది, తలుపు దానంతట అదే మూసుకుంటుంది. అలారంతో పని లేకుండా మామూలుగా కరెంటు పోయినా మూసుకోవాలి. ఆ అయస్కాంతానికి ఇన్వర్టర్ లైను ఇవ్వనా అని అడిగితే ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

"నిప్పు ముందుగా కాల్చేది వైర్లనేనయ్యా," అన్నారు. "కరెంటు పోయిందంటే ఏదో జరిగినట్టే లెక్క. మూసుకోవాల్సిందే."

తలుపులు చేసింది వీరులపాడు నుంచి వచ్చే వడ్రంగి. నాతో పదేళ్ళు పనిచేశాడు. ఆదివారం పొద్దున్న చర్చికి వెళ్ళకుండా పనికి రమ్మంటే వచ్చేవాడు కాదు, మిగతా ఏ రోజు రమ్మన్నా ఎందుకని అడిగేవాడు కాదు. మాట తక్కువ, చెయ్యి నిదానం. ఆఫీసరుగారి గది తలుపు కింద సందు ఒక కాగితం దూరేంత ఉందని రెండుసార్లు ఊడదీసి మళ్ళీ బిగించాడు. ఆఫీసరుగారు మంచం మీద పడుకునే, ఇలాంటి మనిషి నా సర్వీసులో ఒక్కడు దొరికి ఉంటేనా అన్నారు. నాకు కాస్త అసూయ కూడా కలిగింది.

అన్నీ బిగించాక మొదటి నెలంతా తిప్పలే. టీచరుగారు శుక్రవారం సాంబ్రాణి వేస్తే హాల్లో డిటెక్టర్ కేకలు పెట్టేది. మిరపకాయల పోపు ఘాటుకి రెండుసార్లు వీధంతా బయటికొచ్చింది. వంటింట్లో పొగ పట్టేది తీసేసి వేడి పట్టేది పెట్టాను. హాల్లోది మాత్రం తియ్యనివ్వలేదు ఆఫీసరుగారు, ఎందుకంటే టీచరుగారి ఎలక్ట్రిక్ స్కూటరు అక్కడే, మెట్ల కింద ఛార్జింగ్‌లో ఉండేది. బయట వరండాలో పెట్టమని ఆయన, వానకి తడుస్తుంది, దొంగలెత్తుకుపోతారు అని ఆవిడ. నెగ్గింది ఆవిడే. సరే, దాని నెత్తి మీదే డిటెక్టర్ ఉండాలన్నారు ఈయన. సాంబ్రాణి వేసినప్పుడు మోగితే కంగారు పడకండమ్మా, పొగ పోగానే అదే ఆగుతుంది అని టీచరుగారికి ధైర్యం చెప్పింది నేనే.

నెలకోసారి వెళ్ళి పరీక్ష చేసేవాణ్ణి. నేను బటన్ నొక్కగానే సైరన్ మోగేది, గోడ దగ్గర టక్కుమనేది, తలుపు మెల్లగా వచ్చి మూసుకునేది. లోపలినుంచి ఆఫీసరుగారు గట్టిగా సెకన్లు లెక్కపెట్టేవారు. ఏడో అంకె దగ్గర తలుపు మూసుకుంటే సంతోషం, తొమ్మిది దాటితే స్ప్రింగు బిగించమనేవారు. వారానికి మూడుసార్లు డాక్టరు ముఖం చూసే మనిషికి నెలకోసారి అదొక పండగ.

ఆ వేసవిలో మొదలైంది అసలు సంగతి. సాయంత్రం ఆరు గంటలకల్లా కరెంటు పోవడం, పది నిమిషాలకి రావడం. ఒకరోజు టీచరుగారు నన్ను పెరట్లోకి పిలిచి, లోపలికి వినపడకుండా మాట్లాడారు. ఇరవై ఎనిమిదేళ్ళు పిల్లలకి సైన్సు చెప్పినావిడ. ఆ సంగతి ఆవిడే ముందు చెప్పి, నవ్వకండి అన్నారు.

"దీపం పెట్టే వేళకి తలుపులు తీసి ఉండాలని మా అమ్మ చెప్పేది," అన్నారు. "వీధి తలుపు సరే, తీసే ఉంచుతున్నా. నేను వత్తి వెలిగించేసరికి ఆయన గది తలుపు దానంతటదే మూసుకుపోతందండి. మొన్న మూడుసార్లయింది. నేనది చూళ్ళేకపోతన్నా. ఆయన్ని ఎవరో లోపల పెట్టి మూసేస్తన్నట్టుంటంది."

కుర్చీ అడ్డం పెట్టుకోండి అందామని నోటిదాకా వచ్చింది. ఆ ఇంట్లో కుర్చీ అడ్డం పెడితే ఆయన ఊరుకోరు, నేనూ ఊరుకోకూడదు. ఆయనతో చెప్పి చూడండి అన్నాను. ఆయనకి చెబితే చదువుకున్నదానివి అంటారు, అంతే, అన్నారు ఆవిడ. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు లేవు. ఉంటే బహుశా నేను కాదని వచ్చేసేవాణ్ణి. అడగడం అలవాటు లేని మనిషి అడిగినప్పుడు కాదనడం నాకు చేతకాలేదు.

నాకో తెలివైన ఆలోచన వచ్చింది. మీకు కూడా వస్తుంది, అందుకే వివరంగా చెబుతున్నాను. హాల్లో పూజ అలమారా పక్కన, క్యాలెండర్ వెనకాల ఒక చిన్న స్విచ్. అది వేస్తే ఇన్వర్టర్ నుంచి సూటిగా అయస్కాంతానికి కరెంటు. అలారం ప్యానెల్‌తో సంబంధం ఉండదు. ఆరింటికి ఆవిడ స్విచ్ వేసుకుంటారు, దీపం పెట్టుకుంటారు, ఏడింటికి తీసేస్తారు. మిగతా ఇరవై మూడు గంటలూ అంతా పద్ధతి ప్రకారమే. నెలనెలా పరీక్షకి నేను వచ్చేది పగలు కాబట్టి ఆఫీసరుగారికి తెలిసే అవకాశమే లేదు. గంటేగా అనుకున్నాను.

గోడ తొలుస్తుంటే, తలుపు సరిచెయ్యడానికి ఆ రోజు నాతో వచ్చిన వడ్రంగి పక్కన నిలబడ్డాడు. స్విచ్ ఎందుకో చెప్పాను.

"మేం ప్రార్థనకి తలుపులేసుకుంటాం, మీరు దీపానికి తీసుకుంటారు," అన్నాడు. "నిప్పుకి అయ్యేం తెలవదన్నా. వద్దులే, పెట్టమాక."

గంటేగా తమ్ముడూ అన్నాను. అతను వెళ్ళి తన పనిముట్లు సర్దుకున్నాడు. ఆ మధ్యాహ్నం క్యాలెండర్ తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, ఎవరికీ కనపడటం లేదని మురిసిపోయాను. ఇరవై ఏళ్ళు ఊళ్ళో ఇటుకలన్నీ ఏరి పారేసినవాణ్ణి, ఒక ఇటుకని వైరుతో కట్టి గోడలో దాచిపెట్టాను. అది ఇటుకేనని ఆ రోజు నాకు తట్టలేదు. టీచరుగారు కాఫీ ఇచ్చి, మీ మేలు మర్చిపోలేనండి అన్నారు.

ఏడాది పైన గడిచింది. ఏమీ కాలేదు. ఏమీ కాకపోతే తప్పు కూడా పాతబడి పద్ధతైపోతుంది. నేను ఆ స్విచ్ సంగతే మర్చిపోయాను.

ఒక శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి వడ్రంగి ఫోన్ చేశాడు. అతను నందిగామలోనే వేరే ఇంటి పనిలో ఉన్నాడు, కేకలు విని పరుగెత్తాడు. అన్నా, టీచరుగారిల్లు, అన్నాడు. తర్వాత తలుపు మూసుకోలేదు అన్నాడు. ఇంకేమీ చెప్పకుండా పెట్టేశాడు.

ఆ రోజు ఏం జరిగిందో తర్వాత నలుగురి నోటా విని కూర్చుకున్నదే చెబుతున్నాను. టీచరుగారు బడినుంచి వచ్చి స్కూటరు ఛార్జింగ్‌కి పెట్టారు. హాల్లో దీపం పెట్టి, సాంబ్రాణి వేసి, ఇంకో దీపం పట్టుకుని వంటింటి గుండా పెరట్లో తులసికోట దగ్గరికి వెళ్ళారు. కాసేపటికి స్కూటరు బ్యాటరీ అంటుకుంది. డిటెక్టర్ వెంటనే మోగింది. ఆవిడకి వినపడింది. సాంబ్రాణి వేసినప్పుడు మోగితే కంగారు పడకండి అని నేను చెప్పిన మాట ఆవిడకి గుర్తుంది. హారతి పూర్తిచేశారు. వెనక్కి తిరిగేసరికి వంటింట్లోకే పొగ వస్తోంది, హాల్లోకి అడుగు పెట్టే వీలు లేదు. ఈలోగా ఇంటి మెయిన్ స్విచ్ కూడా పడిపోయింది. ఆ ఒక్కటి చాలు, ఆఫీసరుగారు పెట్టమన్నట్టు పెట్టి ఉంటే తలుపు మూసుకోవడానికి. ఇన్వర్టర్ మాత్రం నేను చెప్పిన పని మానలేదు. అయస్కాంతం తలుపుని గట్టిగా పట్టుకునే ఉంది.

వీధిలోవాళ్ళు ఆయన గది కిటికీ దగ్గరికి చేరారు. దొంగల భయానికి బిగించిన ఇనప గ్రిల్లు. వడ్రంగి గడ్డపలుగు తెచ్చి ఊడబెరికేసరికి పది నిమిషాలు పట్టింది. ఫైరింజను కూడా అప్పుడే వచ్చింది. ఆయన్ని కిటికీలోంచి తీసి విజయవాడ తీసుకెళ్ళారు. ఒంటిమీద ఒక్క కాలిన గాయం లేదు. పీల్చిందంతా పొగ.

మర్నాడు తెల్లవారుతూనే మొదటి బస్సుకి నందిగామ వెళ్ళాను. వడ్రంగి అప్పటికే అక్కడున్నాడు. హాలంతా నల్లగా మాడి ఉంది. ఇన్వర్టర్ ఇంకా ఆగలేదు, ఆయన గది తలుపు తెరిచి గోడకి ఆనే ఉంది. వడ్రంగి దాన్ని పట్టి ఇవతలకి లాగాడు. హాలు పొగ తగిలిన వైపు మసి. గోడకి ఆనుకున్న వైపు మాత్రం, అతను పాలిష్ పెట్టిన రోజు ఎలా ఉందో అలాగే మెరుస్తోంది. తలుపు ఒక్క అంగుళం కూడా కదల్లేదనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. నేను చెప్పలేదా అని అతను ఒక్క మాట అని ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. అనలేదు. తలుపు మసిని చేత్తో తుడుస్తూ ఉండిపోయాడు.

క్యాలెండర్ కాలిపోయింది. స్విచ్ సగం కరిగి, వేసిన వైపే బిగుసుకుపోయింది. బొటనవేలితో నొక్కి చూశాను. పడలేదు. మళ్ళీ నొక్కాను. చుట్టూ చూసి, ఇన్వర్టర్ ఆపి, స్క్రూడ్రైవర్‌తో ఊడదీసి, వైర్లు లోపలికి తోసేసి, దాన్ని జేబులో వేసుకున్నాను. నా జీవితంలో నేను చేసిన పనుల్లో నాకు అసహ్యం వేసేది స్విచ్ పెట్టిన పని కాదు, ఇది. పెట్టినప్పుడు ఆవిడకి సాయం అనుకున్నాను. తీసినప్పుడు నా సంగతి తప్ప ఇంకేమీ అనుకోలేదు.

మధ్యాహ్నానికి విజయవాడ ఆస్పత్రికి చేరాను. టీచరుగారు బయట బెంచీ మీద ఎవరి భుజానికో ఆనుకుని ఉన్నారు, నన్ను చూడలేదు. లోపల ఆయనకి తెలివి ఉంది. ఆక్సిజన్ మాస్కు కాస్త పక్కకి జరిపి, నర్సు వారిస్తున్నా మాట్లాడారు.

"డిటెక్టర్ బాగా మోగిందయ్యా," అన్నారు. "నిమిషం కూడా పట్టలా."

ఆ స్థితిలో కూడా నా పనికి మార్కులేస్తున్నారాయన. తలుపు సంగతి ఆయన అడగకముందే చెప్పేశాను, అయస్కాంతం జామ్ అయింది సార్, వదల్లేదు అని.

ఆయన కళ్ళు మూసుకుని తెరిచారు. "నాకా చెప్తన్నావ్? కరెంటిస్తేనే అది పట్టుకునేది. జామవడానికి అందులో ఏముంది?"

నేను తల దించుకున్నాను. జేబులో చెయ్యి స్విచ్ మీదే ఉంది.

"రోజూ ఆరింటికి క్యాలెండర్ కాగితం గరగరమనేది," అన్నారు. ఒక్కో మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. "కరెంటు పోయినా తలుపు కదిలేది కాదు. పడుకున్నోడికి తలుపు తప్ప చూసేదేముందయ్యా? మొదటి వారమే తెలిసింది. అడుగుదామనుకున్నా. ఆ గంటా ఆమె మొహం తేటగా ఉండేది. పోన్లే, గంటేగా అనుకున్నా."

నాకు దుఃఖం ఆగలేదు. ఆ గంట సంగతి ఆవిడకి తెలుసు, నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. ముగ్గురం ఒకరికి తెలియకుండా ఒకరం గంటేగా అనుకున్నాం. నోరు తెరిచి వద్దన్నది ఆ ఇంటికి ఏమీ కాని వడ్రంగి ఒక్కడే.

"అయస్కాంతం ఫెయిలని రాయి," అన్నారు ఆయన. "ఆమె అడిగినా అదే చెప్పు. ఇంకోటి చెప్పావంటే ఆమె బతకదు."

మాస్కు సర్దుకుని అటు తిరిగారు. మూడో రోజు పోయారు.

ఫైర్ శాఖవాళ్ళు అడిగినప్పుడు నేను అలాగే రాసి ఇచ్చాను. పరికరంలో లోపం అన్నాను. కాలిపోయిన గోడలో ఎవరూ వెతకలేదు. ముప్ఫై ఏళ్ళు ఒక్క అబద్ధపు రిపోర్టు మీద సంతకం పెట్టనివారు, పోతూ పోతూ నా చేత ఒకటి పెట్టించుకున్నారు. అది ఆయన భార్య కోసమే. నా జేబులో ఉన్నదాన్ని కూడా అదే కప్పింది కాబట్టి, ఎంత ఆయన కోసం ఆ సంతకం చేశానో, ఎంత నాకోసం చేశానో ఇప్పటికీ తేల్చుకోలేను.

పదకొండో రోజున వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. భోజనాలయ్యాక జనం పలచబడ్డారు. టీచరుగారు పెరట్లో తులసికోట దగ్గర పీట మీద కూర్చుని ఉన్నారు. నన్ను దగ్గరికి రమ్మన్నారు. మళ్ళీ అదే చోటు, అదే చిన్న గొంతు.

"దీపం పెట్టింది గుర్తుంది," అన్నారు. "సాంబ్రాణేసింది గుర్తుంది. స్విచ్ వేసానా లేదా అన్నదే గుర్తు రావట్లేదండి. రోజూ వేసేదేగా, చెయ్యి దానంతటదే పోద్ది. అప్పట్నించీ అదే ఆలోచిస్తన్నా. ముందు వచ్చి చూసింది మీరేనంటగా. చెప్పండి."

ఆవిడ నా ముఖం వంకే చూస్తున్నారు. ఏ జవాబు వస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఆయన మాట గుర్తొచ్చింది.

"మీరు వెయ్యలేదమ్మా," అన్నాను. "తీసే ఉంది. నేను చూసా. అయస్కాంతమే వదల్లేదు."

ఆవిడ భుజాలు ఒక్కసారి కిందికి జారాయి. చీరకొంగుతో ముఖం తుడుచుకున్నారు. తర్వాత తల ఎత్తారు. ఆ కళ్ళు వేరే కళ్ళు.

"అయితే మీరు పెట్టిందే పనిచెయ్యలేదన్నమాట."

"అవునమ్మా."

"ఆయన మిమ్మల్ని ఎంత నమ్మారో తెలుసా మీకు?"

జవాబు కోసం ఆగకుండానే లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. అడిగినవాళ్ళకల్లా ఆవిడ ఉన్నమాటే చెప్పారు, తనకి తెలిసినంతలో. ఆర్నెల్లు తిరక్కుండా నందిగామలో నన్ను పిలిచే ఇల్లు లేదు, ఏడాదికి పేటలోనూ లేదు. వడ్రంగి మాత్రం అప్పుడప్పుడూ వచ్చి కూర్చుని, టీ తాగి వెళ్ళేవాడు. అతనికి నిజం తెలుసు. ఎవరికీ చెప్పలేదు, నన్ను ఓదార్చనూ లేదు.

పిల్లలూ, మిమ్మల్ని కూడా ఎవరో ఒకరు పెరట్లోకి పిలుస్తారు. మంచివాళ్ళే పిలుస్తారు, కారణం కూడా మంచిదే ఉంటుంది. అప్పుడేం చెయ్యాలో చెప్పే అర్హత నాకు లేదు. నాకు జరిగింది చెప్పాను, అంతే. ఆ రోజు గుమ్మం దాకా వెళ్ళిన టీచరుగారు ఆగి, వెనక్కి తిరక్కుండా, తప్పంతా మీదేనండి అన్నారు. నాదేనమ్మా అన్నాను. తులసికోట దగ్గర ఆవిడకి నేను చెప్పిన వాటిల్లో అదొక్కటే నిజం.